పేరు రాయాల్సిన ఖాళీ

మార్చి నెల, టాంపెరె.
కిటికీ అవతల మంచు
కరగాలా వద్దా అని తటపటాయిస్తోంది.
పాఠ్యపుస్తకంలో ఆ యుద్ధం ఒకటిన్నర పేజీ,
అందులో అరపేజీ మ్యాపుకే పోయింది.
ఎర్ర బాణాలు కింది నుంచి, తెల్లవి పైనుంచి.
బాణాలకు ఆకలి వెయ్యదు,
ఎంత దూరమైనా నడుస్తాయి.

ఇరవై ఆరేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను.
సరయేవోలో పేలిన పిస్తోలు దగ్గర మొదలుపెట్టి
పెట్రోగ్రాడ్ రొట్టెల వరసల మీదుగా
మా ఊరి మిల్లుల దగ్గరికి వచ్చేసరికి
ఏటా నా గొంతు ఒక మెట్టు దిగుతుంది.
ప్రపంచ చరిత్ర ఎవరినైనా హాయిగా కూర్చోబెడుతుంది,
మన వీధి మలుపు తిరిగేదాకా.

"ముందు దీని పేరేమిటో తేల్చండి" అన్నాను.
బోర్డు మీద గీత గీసి ఖాళీ వదిలాను.
స్వాతంత్ర్య సమరం, అంది హెల్మి,
వాళ్ళ హాల్లో అద్దం వెనకున్న పతకం మీద అదే ఉందట.
తిరుగుబాటు, అన్నారెవరో వెనక నుంచి.
వర్గపోరు, అన్నాడు వెయ్కా, తలెత్తకుండా.
అంతర్యుద్ధం అని రాస్తే మార్కులు పోవు కదా,
అనడిగాడు ఓన్ని. వాడికి లెక్క తెలుసు.
నాలుగూ రాశాను. ఏదీ చెరపలేదు.
ఒకే శవం మీద పడి
నలుగురు నాలుగు పేర్లతో పిలిచి ఏడ్చినట్టుంది బోర్డు.

ఇల్తా మాత్రం,
"మా ముత్తవ్వ దానికి పేరే పెట్టలేదట.
ఆ వసంతం, అనేదట, అంతే.
ఆ వసంతంలో పిండిలో పైన్ బెరడు కలిపారు.
ఆ వసంతంలో నాన్న హెన్నాలాకి వెళ్ళాడు.
వెళ్ళాడు అనేదట, పనిమీద వెళ్ళినట్టు."
సంచిలోంచి మేజోడులో చుట్టిన చెంచా తీసింది.
ఖైదులో చెక్కిన కొయ్య చెంచా.
మనిషి రాలేదు, ఇది వచ్చింది.
చేతులు మారుతూ నా దాకా వచ్చినప్పుడు చూశాను:
గుంట మరీ లోతు.
ఎంత గంజి పోస్తారని ఆశపడ్డాడో.

"పరీక్షలో చెంచా వస్తుందా?" అన్నాడు ఓన్ని.
నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గుపడుతూనే.
హెల్మి నవ్వలేదు. చెంచా తన దగ్గర ఆగిపోయింది.
"మా తాతకి తాత ఆ ముళ్ళకంచె బయట కాపలా.
పందొమ్మిదేళ్ళు. డైరీ రాసేవాడు.
జూన్, జులై పేజీలు లేవు.
చింపినట్టు కూడా లేదు, శుభ్రంగా కోసినట్టుంది."
ఇల్తా వైపు చూడలేదు.
ఇల్తా చెయ్యి చాచలేదు.
చెంచా వాళ్ళిద్దరి మధ్య బల్ల మీద
ఎవరి భోజనానికీ కానట్టు పడి ఉంది.

గోడవార కూర్చునే హోదన్,
ఏడాదంతా నాలుగు మాటలు మాట్లాడని పిల్ల,
"మా ఇంట్లోనూ ఒక సంవత్సరం ఉంది" అంది.
అందరం చూశాం.
అంతే, ఇంకేం చెప్పలేదు.
మొగదిషు ఏ బాణానికీ అందనంత దూరంలో
మ్యాపు అంచు అవతల ఉండిపోయింది.
గంట మోగింది. కుర్చీలు గీసుకున్నాయి.

ఇవాళ ట్రాములో జవాబుపత్రాలు దిద్దుతున్నాను.
మొదటి ప్రశ్న: ఈ యుద్ధం పేరు రాయండి. ఒక మార్కు.
హెల్మి ఒకటి రాసి కొట్టేసింది,
పక్కన ఇంకొకటి రాసి అదీ కొట్టేసింది,
కానీ కొట్టేసినవి రెండూ చదవగలిగేంత పల్చగా.
కొట్టివేతలకు మార్కు వెయ్యమని నిబంధన ఎక్కడా లేదు.

మీవాళ్ళు ఎటువైపు టీచర్, అని
ఇన్నేళ్ళలో ఏ పిల్లాడూ అడగలేదు.
అడిగితే నా దగ్గర జవాబు లేదు.
మా అమ్మని నేనూ అడగలేదు,
అమ్మ వాళ్ళమ్మని అడగలేదు,
అలా అడగకుండా అడగకుండా
ఒక ఇల్లు కట్టుకుని అందులో కాఫీ కాచుకున్నాం.

ఎర్ర ఇటుక మిల్లు దాటింది.
గోడలో కొన్ని ఇటుకలు మిగతావాటికంటే కొత్తవి.
దిగాల్సిన స్టాపు వెనకబడింది.
ఎర్రసిరా కలం మూత ఇంకా తియ్యలేదు.